తవిటయ్య తీసిన ముక్క

పచ్చగీత ముప్పాతిక దాటి, ఇంకాస్త జరిగి, ఆగిపోయింది. టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళిన గోవిందరావు చెయ్యి కూడా ఆగిపోయింది. పొద్దున్నుంచీ ఎన్నిసార్లు బయలుదేరినా ఆ గీత సరిగ్గా అక్కడికే వచ్చి మొరాయిస్తోంది. తెర పాలిపోయింది. కాసేపటికి మధ్యలో ఒక డబ్బా తెరుచుకుని, ప్రోగ్రాం పనిచెయ్యడం మానేసిందనీ, అందుకు విచారిస్తున్నామనీ ఇంగ్లీషులో చెప్పింది.

"విచారిత్తన్నావా? నీ విచారం తగలెయ్య! నిన్నట్నుంచీ అదే మాట!" అంటూ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. టీ తొణికి మౌస్ కిందికి పారింది. ఇప్పుడు అది తుడవడానికి కూడా తనే లేవాలి.

"మళ్ళీ సచ్చిందేటి?" వంటింట్లోంచి భార్య దాలమ్మ అడిగింది.

"సచ్చింది."

"సావనీ. నువ్వు బేగొచ్చి రెండు ఇడ్లీలు తిను. నువ్వు ఎండిపోతే అదేటి బతికొత్తాదా?"

గోవిందరావు కదల్లేదు. టాటానగర్ స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లో ముందుగది అది. కూతురి చదువు కోసం కొన్న కంప్యూటరు. కూతురు పెళ్ళై రాయగడ వెళ్ళిపోయింది, ఇది మిగిలిపోయింది. స్పీకర్లు ఎప్పుడో మూగబోయాయి. అందులో వీడియోలు అతికించే ప్రోగ్రాం ఒకటుంది. ముక్కలన్నీ వరసగా పేర్చుకోనిస్తుంది, పేర్లు వేసుకోనిస్తుంది, పువ్వులు రాలుస్తుంది. అన్నీ చేయించుకుని, తీరా సినిమాని దాచమంటే మాత్రం చచ్చి ఊరుకుంటుంది. దీన్ని తయారుచేసిన మహానుభావుడెవడో గానీ వాడింట్లో ఒక్క పెళ్ళైనా జరిగినట్టు లేదు.

మనిషి పొట్టి. మణికట్లు మాత్రం ఇనుప ముక్కల్లా ఉంటాయి. గూడ్సు బళ్ళ కింద దూరి చక్రాలూ బ్రేకులూ చూసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళ పైనే ఉన్నాడు. సుత్తీ సంచీ మోసి మోసి కుడి భుజం ఒక పక్కకి జారింది. వేళ్ళు ఎంత మందమంటే మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టవుతుంది. కళ్ళజోడు ఒక కాడ ఊడిపోతే నల్లదారంతో కట్టుకున్నాడు. నిన్న సెలవు పెట్టాడు, ఇవాళ అతనికి రెస్టు. పడుకుని నడుం వాల్చుకోవలసిన రోజు.

అతనికి ఉన్న సరదా అల్లా ఒకటే, కెమెరా. బొబ్బిలి వైపు నుంచీ విజయనగరం వైపు నుంచీ వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్ళలో పెళ్ళైనా, బారసాలైనా, అమ్మవారి సంబరమైనా గోవిందరావు తన చిన్న కెమెరాతో హాజరు. అందరూ భోజనాలు చేసి చేతులు కడుక్కునేదాకా తీస్తూనే ఉండేవాడు. తరవాత చల్లారిన పులిహోర తినేవాడు. అతను తీసిన ఏ వీడియోలో వెతికినా గోవిందరావు కనిపించడు. ఆ సంగతి ఒక్కరికి తప్ప ఇంకెవరికీ తోచలేదు, అతనికీ తోచలేదు.

మొన్న ఆదివారం తవిటయ్య అడిగాడు. తవిటయ్య దాలమ్మకి తమ్ముడు, గోవిందరావుకి బావమరిది, పైగా ఒకే షెడ్డులో ఒకే గ్యాంగు. ఊపిరితిత్తులు పాడై, ఇంక చేసేదేమీ లేదు ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రివాళ్ళు చెప్పేశాక, ఊళ్ళోనే సిద్ధగోరాలో కూతురు శ్వేత దగ్గర మంచం మీద ఉన్నాడు.

"బావా, ఆ ఈడియో ముక్కలన్నీ తగిలించి ఒక్క బండి చేసీ. తొంగుని సూత్తాను. నడుమ ఆగకుండా నడవాల."

"ఎప్పటికి కావాల్రా?"

"బేగి," అన్నాడు తవిటయ్య. ఆ మాట విన్న గోవిందరావు ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అప్పట్నుంచీ కుర్చీకి అతుక్కుపోయాడు.

ఫోను మోగింది. శ్వేత. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే గనక ఆ పిల్లకి హిందీయే నోటికొస్తుంది. "ఫూఫాజీ, పాపా నే కల్ సే కుఛ్ నహీ ఖాయా. ఆజ్ హీ లే ఆయియే. కల్ పర్ మత్ ఛోడియే." నిన్నట్నుంచి నాన్న ఏమీ తినలేదు, ఇవాళే తెచ్చెయ్యండి, రేపటికి ఉంచకండి అని. గోవిందరావు "వత్తన్నానమ్మా, అయిపోనాది," అన్నాడు. అయింది లేదు, ఏమీ లేదు.

తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. ఆపి మళ్ళీ పెట్టాడు. అక్కర్లేనివి తుడిచేసి చోటు చేశాడు. చిన్న సైజులో దాచమన్నాడు. రాలే పువ్వులు తీసేశాడు. సాక్చిలో కంప్యూటర్లు బాగుచేసే గౌరీశంకర్‌కి ఫోను చేస్తే, ఆ నోట ఒక్కటే మంత్రం: "అంకుల్, ఫార్మాట్ మార్ దీజియే." ఫార్మాట్ కొడితే లోపలున్నదంతా పోతుంది కదయ్యా అంటే, "హాఁ, లేకిన్ ఫిర్ మస్త్ చలేగా," అన్నాడు, పోతే పోయింది గానీ ఆ తరవాత బ్రహ్మాండంగా నడుస్తుందని. రోగి పోయినా మంచం బాగుంటే చాలు అతనికి.

దాలమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని వచ్చి కంప్యూటరు చుట్టూ తిప్పబోయింది.

"ఓలమ్మో, ఉప్పు లోన పడితే ఉన్నదీ పోద్ది! అవతలకి పో!"

"పోతాన్లే. తమ్ముడు నాకు కాదేటి? నాకు మాత్రం ఆత్రం ఉండదేటి?" అంది. ఉప్పు ఆమె చేతిలోనే కరగడం మొదలుపెట్టింది. గోవిందరావుకి సిగ్గేసింది. "తిప్పు, తిప్పు. ఎడంగా ఉండి తిప్పు," అన్నాడు.

దిష్టి తీశారు. గీత బయలుదేరింది. అక్కడికే వచ్చి ఆగింది.

అప్పుడు గోవిందరావు కళ్ళజోడు తీసి తెరకేసి ఊరికే చూశాడు. ముక్క వెనక ముక్క వరసగా తగిలించి ఉన్నాయి. బండి కదలకపోతే షెడ్డులో ఏం చేస్తారు? చెడిపోయిన వ్యాగనేదో పట్టుకుని, దాని మీద సుద్దముక్కతో సిక్ అని, అంటే జబ్బుపడిందని, రాసి, విడదీసి పక్క లైనులో పెడతారు. మిగతా బండి వెళ్ళిపోతుంది. ఇదేమీ గొప్ప తెలివి కాదు. నిన్ననే తట్టాల్సింది, నిన్నంతా తిట్టడానికే సరిపోయింది.

సినిమాని సగానికి విడదీశాడు. మొదటి సగం బుద్ధిగా దాగింది. రెండో సగం చచ్చింది. దాన్ని మళ్ళీ సగం చేశాడు. తవిటయ్య పెళ్ళిలో పెళ్ళికూతురు కాంతం తల వంచుకుని నవ్వే ముక్క బాగానే వెళ్ళింది. ఆ కాంతం పోయి ఎంత కాలమైంది! శ్వేత అన్నప్రాసన వెళ్ళింది. సంబరంలో ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్ళు వెళ్ళారు. విడదీసుకుంటూ విడదీసుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక్క ముక్క మిగిలింది. దాన్ని ఒంటరిగా దాచమన్నాడు. టప్పున చచ్చింది.

దొంగ దొరికింది. దొరికినందుకు సంతోషించాల్సిన మనిషి అలా చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ ముక్కలో ఉన్నది అతనే.

ఒక విశ్వకర్మ పూజనాడు షెడ్డులో తవిటయ్య, "ఇలా తే బావా, నువ్వు ఏ ఈడియోలోనూ నేవు," అని కెమెరా లాక్కుని తీసిన ముక్క అది. తవిటయ్య జన్మానికి తీసింది అదొక్కటే. కుళాయి దగ్గర గోవిందరావు చేతుల గ్రీజు కడుక్కుంటూ, "ఆపరా" అన్నట్టు సబ్బుచెయ్యి అడ్డం పెడతాడు, నవ్వుతాడు. అప్పుడు జుట్టు నల్లగా ఉండేది. ఇంతలో పంతులు పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టమన్నాడు. ఆ రోజు సుత్తులూ స్పానర్లూ జాకీలూ అన్నీ విశ్వకర్మ ముందు పడుకోవాలి, మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. బావ పనిముట్టు కెమెరాయే కదా అని తవిటయ్య దాన్నీ సుత్తుల మధ్య పెట్టేశాడు. పెట్టినవాడు ఆపి పెట్టాడా? లేదు. పెట్టిన సంగతి గుర్తుందా? అదీ లేదు. దాని మీద బంతిపూలు పడ్డాయి, సిందూరం పడింది. బ్యాటరీ అయిపోయేదాకా కెమెరా తీస్తూనే ఉంది. ముక్క చివర తెగిపోయింది, అందుకే పాడైంది. ఆ పూట కెమెరా కోసం బావా బావమరుదులిద్దరూ కొట్టుకున్నంత పనిచేశారు. మర్నాడు పూల కింద దొరికింది.

చివర కత్తిరించి చూశాడు, చచ్చింది. మొహం కనిపించేంత మేరే ఉంచి చూశాడు, చచ్చింది. "ఒక్క నాలుగు సెకన్లు ఉండనీయవేటే నన్ను?" అని కంప్యూటర్నే అడిగాడు. బాధేసింది. ఇంత వయసొచ్చి ఇందుకు బాధేమిటని మళ్ళీ తన మీద తనకే చిరాకేసింది. అవతల తవిటయ్యకి రేపు ఉంటుందో లేదో.

ఆ ముక్క తీసేశాడు. గీత చివరిదాకా వెళ్ళింది.

సినిమాని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, కెమెరానీ దాని పాత కార్డుల్నీ వైర్లనీ కూడా సంచిలో వేసుకున్నాడు. స్పేరు లేకుండా లైను మీదకి వెళ్ళే అలవాటు లేదు అతనికి. దాలమ్మ గిన్నెలో జావ పోసుకుంది. సాక్చిలో ఆటో దిగి ఇంకో ఆటో ఎక్కాలి. జనం, కూరగాయల తోపుడుబళ్ళు, అడ్డంగా నిలబెట్టిన రిక్షాలు. దారిపొడుగునా గోవిందరావు అందర్నీ తిడుతూనే ఉన్నాడు.

తవిటయ్య దిండ్ల మీద ఒరిగి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయి, కళ్ళు మాత్రమే మిగిలాయి. "తెచ్చినావా బండి?" అన్నాడు. శ్వేత పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టింది. సినిమా నడిచింది, ఎక్కడా ఆగలేదు. కాంతం కనబడినప్పుడు తవిటయ్య చెయ్యెత్తి కూతురికి చూపించాడు. దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గోవిందరావు మంచం పక్క స్టూలు మీద కూర్చుని, హమ్మయ్య అనుకున్నాడు.

అయిపోయింది. తవిటయ్య తెరకేసి చూస్తూనే ఉన్నాడు. "నాను తీసినది ఏది?"

"అది సిక్కురా. అదుంటే బండి కదల్నేదు. ఇప్పీసినాను."

"ఇప్పీసినావా!" తవిటయ్యకి కోపంతో ఆయాసం వచ్చింది. "జన్మకి ఒక్కటి తీసినాను, అదే ఇప్పీసినావా? ఓరి నీ... ఇదంతా నువ్వు తీసినావు. ఎక్కడా నువ్వు నేవు. నిన్ను సూద్దారనే కదేటి అడిగినాను!"

అడిగేవాడు ఆ ముక్కేదో ముందే చెప్పి చావచ్చు కదా! రెండ్రోజుల చాకిరీ, ఇడ్లీలు లేవు, నిద్ర లేదు. గోవిందరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గబగబా సంచి విప్పి, ఆ పూజనాటి కార్డు కెమెరాలో పెట్టాడు. కంప్యూటరుకి గిట్టకపోతేనేం, కెమెరా తను తీసింది తను చూపిస్తుంది. వైర్లు చిక్కుపడ్డాయి, తిట్టుకుంటూ విప్పాడు. ఎర్రది, పసుపుది, తెల్లది టీవీ వెనక గుచ్చాడు.

టీవీలో గోవిందరావు సబ్బుచెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు.

"అదీ!" అన్నాడు తవిటయ్య. మొహం విప్పారింది. "ఎంత బాగున్నావు బావా."

బొమ్మ ఊగింది, కిందికి దిగింది. ఇంక సుత్తులూ బంతిపూలూ. అక్కడ ఆపేద్దామని గోవిందరావు లేచాడు. అప్పుడు టీవీలోంచి గొంతులు వచ్చాయి. మూగ కంప్యూటర్లో ఇన్నాళ్ళూ అతను వినలేదు.

"ఒరే, కెమెరా ఏదిరా?" అది తన గొంతే.

"నీకే ఇచ్చినాను కదేటి!" షెడ్డంతా మోగేలా తవిటయ్య అరుపు.

"నాకెప్పుడిచ్చినావు? కడుక్కుంతన్నాను కదరా!"

"అయితే నీ కుళాయి దగ్గరే సూడు!"

గదిలో అందరికీ నవ్వొచ్చింది. శ్వేత తెలుగులో, "నాన్నా, నువ్వే పెట్టావు కదా అక్కడ!" అంది. తవిటయ్య, "అది నా గొంతేనా?" అని మెల్లిగా అడిగాడు. అవున్రా అన్నాడు గోవిందరావు. తెర మీద పూలు కదలకుండా ఉన్నాయి. చుట్టూ బూట్ల చప్పుడు, డబ్బాలు దొర్లించే చప్పుడు. ఇద్దరూ వెతుకుతున్నారు, ఒకర్నొకరు తిట్టుకుంటున్నారు.

"బావా, దొరికిందేటి?" టీవీలో తవిటయ్య దూరంనుంచి కేకేశాడు.

"నీ ముందే ఉందిరా, ఎదవా!" అని గోవిందరావు టీవీకి జవాబు చెప్పి, నవ్వుతూ మంచం వైపు తిరిగాడు.

దాలమ్మ తమ్ముడి గుండె మీద అరచెయ్యి వేసి ఉంది. తియ్యలేదు. శ్వేత గ్లాసుతో నీళ్ళు తెస్తూ, "పాపా, పానీ?" అంది, గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావా! ఓ బావా! దొరికిందేటి?" అని టీవీ ఇంకా అడుగుతోంది. లేచి దాన్ని ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. బొమ్మ తెగిపోయి, తెర నీలంగా అయింది. టీవీ పక్కన కెమెరా, దాని అంచు గాట్లో ఎన్నిసార్లు తుడిచినా పోని ఆనాటి సిందూరం చుక్క.