మునసబుగారి కుడికాలు

నేను ఒక చెక్కపాదాన్ని. కుడికాలిని. పుట్టింది తుమ్మమొద్దులో. నా మీద తోలు బిగించి, అరికాలి వైపు మేకులు కొట్టి చెప్పులు కుడతారు. అంతకుమించిన వైభోగం నాకేం తెలియదు.

నన్ను చెక్కింది మాదిగపల్లె గాబ్రియేలు. ఊరి మునసబుగారికి చెప్పులు కావాలి, కానీ గాబ్రియేలు ఆయన కాలు ముట్టుకోకూడదు. అందుకని మునసబుగారు తడిమట్టిలో ఒక అడుగు వేసి పక్కకు జరిగారు. ఆ అచ్చు చూసి గాబ్రియేలు నన్ను చెక్కాడు. చెప్పులు అతికినట్టు సరిపోయాయి. ఆ పనితనంతోనే బజారులో కొట్టు పెట్టాడు, తర్వాత చెప్పుల ఫ్యాక్టరీ. పల్లెలో ఫ్యాక్టరీ పెట్టిన మొదటి మనిషి ఆయనే. ఆయన ముట్టుకుంటే మైల. ఆయన కుట్టిన చెప్పులకు మాత్రం ఏ మైలా లేదు.

ఇప్పుడు ఆయన ఇల్లు మ్యూజియం. మనవరాలు సువార్త చూసుకుంటుంది. తాత మొదటి పనిముట్టు కదా అని నన్ను ముందుగదిలో, అద్దాలపెట్టెలో, ఎర్రగుడ్డ మీద పెట్టింది. చిక్కు అక్కడే వచ్చింది. బోర్డు ఎవరూ చదవరు. పాదం కనబడగానే దండం పెడతారు. మొదట ఒక పువ్వు వచ్చింది, తర్వాత కుంకుమ.

నిన్న ఒక పెద్దావిడ అద్దానికి నుదురు ఆనించింది.

"అది మా తాత పాదం కాదు పెద్దమ్మా, మునసబుగారిది," అంది సువార్త.

"అయితే ఇంకా మంచిదేగా తల్లీ. ఆయన చలవేగా మీ తాత ఇంతవాడయింది."

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా ఏంటి? తాత ఫోటో మూలకి పెట్టి, పాదాన్ని గద్దె మీద పెట్టుకుంది మీరేగా."

సువార్త మొహం మాడిపోయింది. ఆవిడ వెళ్లాక నన్ను బయటికి తీసింది, కుంకుమ కొంగుతో గట్టిగా తుడిచింది. వెనకగదిలో తాత పనిచేసిన పీట మీద, అరికాలు పైకొచ్చేలా బోర్లా పెట్టింది.

ఈ ఉదయం చూడవచ్చిన ఒకాయన వంగి నా అరికాలి బెజ్జాలు తడిమాడు.

"ఇన్ని మేకులు ఎవరు దిగ్గొట్టారమ్మా?"

"మా తాతే. మునసబుగారి కాలు రోజంతా ఒళ్లో పెట్టుకుని కొట్టేవాడు."

ఆ మాట పైకి అనడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఆయన నవ్వలేదు, దండమూ పెట్టలేదు. నా బెజ్జాలు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు.

ముందుగదిలో ఖాళీ పెట్టె దగ్గర మాత్రం ఎవరో అప్పటికే బంతిపువ్వు పెట్టి పోయారు.