పంటిగాట్ల కర్ర

మేస్త్రి రేడియేటర్ గొట్టానికి మూడో క్లిప్పు బిగిస్తుండగా కాళ్ల కింద నేల అదిరింది. ఆయన తలెత్తలేదు. అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా పాకిన ఆ అదురును బట్టి షెడ్డు ముందరి ఎత్తులో పెద్ద లారీ ఆగిందనీ, దాని నిండా లోడుందనీ పోల్చుకున్నాడు. అదురు రెండు మూడు సార్లు తడబడి ఆగిపోయింది. తాళం తిప్పి ఆపిన ఇంజన్ అలా ఆగదు. క్లిప్పు పూర్తిగా బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఎడమ భుజం ఒకసారి నొక్కుకుని, అప్పుడు లేచాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. గోళ్ల అంచుల్లో నలుపు ఏ సబ్బుకూ లొంగదు. నలభై ఐదేళ్లు ఇంజన్ల పక్కనే నిలబడ్డాడు కాబట్టి ఆయన చెవులు వాటికే అంకితమైపోయాయి. మొదట కుడిది పోయింది, నాలుగేళ్ల కిందట ఎడమది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, దానికోసం బాధపడుతూ కూర్చోనూ లేదు. బజార్లో చెవిటి మేస్త్రి అంటారు. వినపడదు కదా అని ఎదురుగానే అంటారు. పెదాలు చూసి మాట పోల్చుకోవడం ఆయన నేర్చుకున్నాడని వాళ్లకు ఆలస్యంగా తెలిసింది. అలా అన్నవాడి బండి ఎప్పుడో ఒకప్పుడు షెడ్డుకు రాకపోదు. వచ్చినప్పుడు, "చెవిటివాడితో ఏం పనిపడిందయ్యా" అని నవ్వి, పని మాత్రం శుభ్రంగా చేసి పంపుతాడు.

లారీ దిగిన డ్రైవరు పొడుగాటి మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేస్త్రి మేనకోడలు ఎదురెళ్లింది. నలభై దాటిన మనిషి, పదిహేనేళ్లుగా మేనమామతో కలిసి ఈ షెడ్డు నడుపుతోంది.

"ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోతోందమ్మా. పావుగంట ఊరుకుంటే మళ్లీ స్టార్టవుతుంది. నాలుగు అడుగులేసి మళ్లీ అదే వరస" అన్నాడు డ్రైవరు. "ఒక షెడ్డులో ఫిల్టర్లు మార్చారు. ఇంకో షెడ్డులో ఇంజన్ దించాలన్నారు. సిలిండర్ల బోరు అరిగిపోయిందంట."

ఇరవై ఏళ్లు పరాయివాళ్ల లారీలు నడిపి, ఆరు నెలల కిందటే ఈ పాత బండిని సొంతం చేసుకున్నాడు. ఇంజన్ దించితే ఆ ఖర్చుకు దీన్ని అమ్ముకోవడం తప్ప దారి లేదు. మళ్లీ ఇంకొకడి స్టీరింగు పట్టుకోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు డ్రైవరు బండి వైపు చూడలేదు, బండి వింటుందేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

మేస్త్రి మూలనున్న ఇనప స్టూలు తెచ్చి వేశాడు. అది ఆ షెడ్డు పద్ధతి. ఇంజన్ మీద చెయ్యి పడకముందు బండి నడిపినవాడు ఆ స్టూలు మీద కూర్చోవాలి. బండి చివరిసారి బాగా నడిచిన రోజు దగ్గర మొదలుపెట్టి, ఇప్పటిదాకా జరిగిందంతా చెప్పాలి. ఎక్కడ డీజిల్ పోయించాడు, ఎక్కడ టీ తాగాడు, ఎవరితో పోట్లాడాడు, ఏదీ వదలకూడదు. డ్రైవరు విసుక్కుంటూనే చెప్పాడు. మేస్త్రి అతని పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి" అన్నాడు, అతను ముగించాక.

గోడ మేకుకు తగిలించిన కర్ర తీశాడు. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. ఒక కొస నూనె పీల్చి నల్లబడింది, రెండో కొస నిండా పంటిగాట్లు. నల్ల కొసను ఇంజన్ మీద ఆనించి, రెండో కొసను పళ్ల మధ్య కరిచిపట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఒక్కో సిలిండరు దగ్గరా ఆగుతూ, ఒంగుతూ, చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు.

డ్రైవరు ముక్కున వేలేసుకున్నాడు. "ఏం చేస్తున్నాడమ్మా ఆయన?"

"వింటున్నాడన్నా. మామయ్యకి చెవులు పనిచెయ్యవు. చప్పుడు పళ్లలోంచి ఎముకల్లోకి వెళ్తుందంటాడు."

"అంటే చెవుడా?" డ్రైవరు మొహం మాడిపోయింది. "చెవులున్నవాళ్లు ఇద్దరికే ఇది అంతుపట్టలేదు. నేను బండి తీసుకెళ్లిపోతానమ్మా."

"ఎలా తీసుకెళ్తావన్నా? అది ఎత్తెక్కదుగా" అంది మేనకోడలు నెమ్మదిగా. డ్రైవరు ఒళ్లు మండి టైరును ఒక తన్ను తన్నాడు.

మేస్త్రి కర్ర నోట్లోంచి తీసి, చేతి వెనకభాగంతో మూతి తుడుచుకున్నాడు.

"బోరు బాగుంది. బేరింగులు బాగున్నాయి. నువ్వు ముసలాడివయ్యేదాకా నడుస్తుంది నాయనా ఈ ఇంజను. దీనికి రోగం లేదు, ఆకలి. డీజిల్ అందడం లేదు."

"ఫిల్టర్లు కొత్తవండీ."

"చూశాను. పైపుల్లో గాలి లేదు, పంపు బాగుంది. ఇంకా వెనక్కి పోదాం పద."

టాంకు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. పాత టాంకు, రంగు పెచ్చులుగా రాలుతోంది. దాని మూత మాత్రం తళతళలాడుతోంది.

"ఈ మూత సంగతి స్టూలు మీద చెప్పలేదే" అన్నాడు.

డ్రైవరు నీళ్లు నమిలాడు. అయిదు రోజుల కిందట డీజిల్ పోయించుకున్న చోట పాత మూత మర్చిపోయి వచ్చేశాడు. వెనక్కి వెళ్లే తీరిక లేక మెడలోని తువ్వాలును చుట్టచుట్టి ఆ రంధ్రంలో కుక్కాడు. మర్నాడు కొత్త మూత కొన్నాడు.

"తువ్వాలేదీ?"

"లేదండి. గాలికి ఎగిరిపోయిందనుకున్నా."

మేస్త్రి నవ్వాడు. ఆయన నవ్వితే భుజాలు కదులుతాయి, చప్పుడుండదు. "ఎగరలేదు. జారి ఈ టాంకు కడుపులోనే పడింది. బండి ఎత్తెక్కేటప్పుడు డీజిల్ గట్టిగా లాగుతుంది. తువ్వాలొచ్చి గొట్టం మూతికి అతుక్కుంటుంది. బండి ఆగగానే వదిలేసి అడుక్కి పోతుంది. అందుకే నీ పావుగంట."

మేనకోడలు తీగను కొక్కెంలా వంచి టాంకులోకి దించింది. మూడుసార్లు ఖాళీగానే వచ్చింది. డ్రైవరు దగ్గరికొచ్చి టాంకులోకి తొంగిచూశాడు. నాలుగోసారి తీగ బరువెక్కింది. నీలం గళ్ల తువ్వాలు డీజిల్ కారుతూ, మెల్లిగా, పాములా మెలికలు తిరుగుతూ పైకొచ్చింది.

బండిలోంచి తీసిందేదైనా బండి గలవాడి చేతిలో పెట్టాకే ఆ షెడ్డు నుంచి బండి కదులుతుంది. మేస్త్రి ఆ తువ్వాలును రెండు చేతులా పట్టుకుని, శాలువా ఇచ్చినట్టు డ్రైవరు చేతుల్లో పెట్టాడు. డ్రైవరుకు తలకొట్టేసినట్టయింది. కానీ ఆ సిగ్గు వెనకాలే నవ్వు తన్నుకొచ్చింది, దాంతోపాటు కళ్లూ చెమర్చాయి. తువ్వాలుతో తుడుచుకోబోయి, వాసనకు ఆగిపోయాడు.

"మీరు గనక లేకపోతే ఇంజన్ దించేసేవాళ్లండీ."

"ఎత్తెక్కాక చెప్పు ఆ మాట" అన్నాడు మేస్త్రి, కర్ర చంకలో పెట్టుకుంటూ.

మేనకోడలు అడ్డమొచ్చి, ఆయన ఎదుట నిలబడి పెదాలు స్పష్టంగా కదిపింది. "పొద్దున్నుంచీ భుజం లాగుతోందన్నావు. నేను వెళ్తాను మామయ్యా."

"కూర్చునే పనే కదమ్మా. నువ్వు ఆ నాలుగో క్లిప్పు బిగించు."

మరమ్మతు చేసిన బండిలో తాను ఎక్కి తిరక్కుండా ఆయన ఏనాడూ బండి అప్పజెప్పలేదు.

అది పాతకాలపు లారీ. ఇంజన్ క్యాబిన్‌లోకే పొడుచుకొచ్చి, రెండు సీట్ల మధ్య ఇనప మూత కింద ఉంటుంది. మేస్త్రి పక్క సీట్లో కూర్చుని, కర్ర నల్ల కొసను ఆ మూత మీద ఆనించి, రెండో కొసను కరిచి, కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నపు ఎండ ఆయన మోకాళ్ల మీద పడుతోంది. ఊరు దాటి రోడ్డు పైకి లేచింది. నిన్న మూడుసార్లు ఆగిపోయిన మలుపు దగ్గర డ్రైవరు స్టీరింగు మీదకు ఒంగాడు. గేరు తగ్గించాడు. లారీ ఒకసారి మూలిగి, లోడంతా మోసుకుంటూ మలుపు తిరిగింది.

మేస్త్రి కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, అరచేత్తో గాలిని ముందుకు తోశాడు. పోనీ, అని. ఆయన మొహంలో ఎలాంటి అనుమానమూ లేదు.

డ్రైవరు తొక్కాడు. మిగతా ఎత్తంతా లారీ ఒక్కసారి కూడా తడబడలేదు. కొండ నెత్తి మీదకు రాగానే అతను, చెవుల సంగతే మర్చిపోయి, "ఎక్కేశాం మేస్త్రిగారూ" అన్నాడు. పక్కకు తిరిగి చూశాడు. మేస్త్రి తల కిటికీకి ఆని ఉంది. కర్ర నోట్లోంచి జారి ఇంజన్ మూత మీద పడి ఉంది. నిద్రపట్టిందనుకుని డ్రైవరు ఆయన మోచెయ్యి తట్టాడు. ఇంకోసారి తట్టాడు. తర్వాత లారీని రోడ్డు పక్కకు తీసి, నాడి అందని ఆ చేతిని చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

వెనక్కి తెచ్చేటప్పుడు ఎక్కడా కుదుపు తగలకుండా నడిపాడు.

షెడ్డు ముందు మేనకోడలు పానా పట్టుకుని నిలబడి ఉంది. డ్రైవరు దిగిన తీరు చూడగానే ఆమెకు అర్థమైంది. పానా కింద పెట్టి, పక్క తలుపు తీసి, మేనమామ మొహం మీద పడ్డ జుట్టును వెనక్కి తోసింది. ఏడుపు ఆపుకోలేదు.

"బండి బాగుందని చెయ్యి ఊపాడమ్మా" అన్నాడు డ్రైవరు. "మలుపు దగ్గర."

ఆమె తల ఊపింది. డ్రైవరు ఇంజన్ ఆపడానికి లోపలికి ఒంగి తాళం మీద చెయ్యి వేశాడు.

"ఉండనీ అన్నా, కాసేపు" అంది.

ఇంజన్ మూత మీద కర్ర సన్నగా అదురుతూనే ఉంది, పంటిగాట్ల కొస ఇంకా తడిగా.