పిల్లి మీసంతో గీసిన గీత

లాబ్‌లో ఆమెకు మొండిఘటం అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి ఒకే ఒక్క ప్రోటీన్ వెంటపడింది మరి. కండరాల పోగుల్ని విడిపోకుండా పట్టి ఉంచే ప్రోటీన్ అది. దాని లోపలి రూపం ఎక్స్‌రేలతో చూడాలంటే ముందు అది స్ఫటికంగా గడ్డకట్టాలి. అదేమో ససేమిరా అంటోంది.

ఆమె భర్త లెక్కల మాస్టారు. అతనికి చిన్నప్పుడే కండరాల జబ్బు మొదలైంది. ఆ ప్రోటీన్‌లో ఎక్కడో లోపం ఉంది, కాళ్ల కండరాలు ఏటికేడు సన్నబడుతున్నాయి. ఇప్పుడు కుర్చీలో కూర్చునే పాఠం చెబుతున్నాడు. ఆమె తనను చేసుకుంది తన మీద ప్రేమతో కాదని, తన ప్రోటీన్ మీద మోజుతోనని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వేసి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటుంది. లోపం ఎక్కడో కనిపిస్తే మందు వెతకవచ్చు. లేకపోతే చీకట్లో తడుముకోవడమే.

నిరుడు ఒక స్ఫటికం కనిపించింది. లాబంతా గంతులేసి కేకు కోసింది. తీరా చూస్తే అది ద్రావణంలోని ఉప్పు! పక్క లాబ్ వాళ్లు ఇప్పటికీ ఆమె ఎదురైతే కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. వాళ్ల నోళ్లు పడిపోను.

అందుకే ఈసారి ఇంకొకటి కనబడితే ఆమె నోరు మెదపలేదు. ఇసుక రేణువులో సగం కూడా లేదది. రోజూ మైక్రోస్కోపులో చూసుకోవడం, మూత పెట్టేయడం. సూదితో పొడిస్తే తేలిపోతుంది: ఉప్పయితే టక్కున విరుగుతుంది, ప్రోటీన్ అయితే మెత్తగా నలిగిపోతుంది. కానీ ఉన్నది ఒక్కటే! ప్రోటీనే అయితే చేతులారా పాడుచేసుకున్నట్టే కదా అని ఆమెకు మనసు రాలేదు.

చివరికి లాబ్ పెద్దసారు పసిగట్టాడు. అంత చిన్నది ఎక్స్‌రేకి ఎలాగూ పనికిరాదన్నాడు. నలగ్గొట్టి, ఆ పొడిని ప్రోటీన్ ద్రావణపు కొత్త బొట్లకు అంటిస్తే ఒక్కో ముక్క విత్తనమై పెద్ద స్ఫటికాలు పెరగవచ్చట. పెరగకపోతే ఉన్నదీ పోయినట్టే. అంటించడానికి మొన సన్నగా ఉండే పిల్లి మీసం శ్రేష్ఠమన్నాడు.

పిల్లి అత్తగారిది. మీసం మాట ఎత్తగానే ఆవిడ పిల్లిని చంకనెత్తుకుని లోపలికి పోయింది. రాలిపోయినదైనా చాలని కోడలు బతిమాలి, సంగతంతా చెప్పాక, ఆవిడ సోఫా కింద ఊడ్చినప్పుడు దొరికిన మీసం ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"ఉన్న ఒక్క స్ఫటికమూ పోతే ఎలా అత్తయ్యా?"

"దాచుకుంటే మాత్రం వాడి కాళ్లకి ఏం ఒరుగుతుందమ్మాయ్? నలగ్గొట్టు."

మర్నాడు ఊపిరి బిగబట్టి సూది ఆనించింది. చప్పుడు లేదు. స్ఫటికం మెత్తగా నలిగింది. ప్రోటీనే! సంతోషం ఒకవైపు, అయ్యో అనే బాధ ఒకవైపు. మీసాన్ని ఆ పొడిలో ముంచి కొత్త బొట్ల మీద వరసగా గీతలు గీసింది. కొన్నాళ్లు మార్పేమీ కనబడలేదు. ఆమెకు అన్నం సహించలేదు. ఒక ఉదయం మూత తీసి చూస్తే, గీసిన గీతల వెంట అంచులు తేరిన స్ఫటికాలు మెరుస్తున్నాయి. ఆమె అక్కడే భోరున ఏడ్చింది.

ఆ తర్వాత నెలల తరబడి ఎక్స్‌రేలు, లెక్కలు. రూపం తేలిన రోజున లాప్‌టాప్ ఇంటికి తెచ్చి భర్తకూ అత్తగారికీ చూపించింది. ప్రోటీన్ గొలుసు వంపు తిరిగే చోట ఒక చిన్న కొక్కెం, దానికి పట్టు దొరకడం లేదు. జబ్బంతా అక్కడే. పక్కనే ఒక గుంట ఉంది. అందులో ఇమిడే మందు దొరికితే ఆ కొక్కేన్ని పట్టి ఉంచవచ్చు. అలాంటి మందు ఇంకా లేదని, రేపటినుంచి వెతుకుతామని దాపరికం లేకుండా చెప్పింది. లెక్కల మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని ఆ గుంట కొలతలు అడగడం మొదలుపెట్టాడు.

అత్తగారు మాత్రం తెర మీద ఆ కొక్కెం మీద వేలు పెట్టింది.

"ఇది వాడు పుట్టకముందు నుంచే ఉందా?"

"పుట్టకముందు నుంచే అత్తయ్యా."

"నా పాలు చాలక వాడి కాళ్లు ఇలా అయ్యాయని మా ఆడపడుచు అనేది" అంది ఆవిడ. "ఇన్నేళ్లూ నేనూ అదే అనుకున్నాను."