మామ గాలం కర్ర

అఖిలేష్ జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పని చేస్తాడు. పాతది మొదలంటా గీకకుండా కొత్తది వేస్తే నిలవదన్నది అక్కడ ఒంటబట్టిన పాఠం. ఆ పాఠమే కొంప ముంచింది.

మేనమామ నర్సింగ్‌కు షుగరుతో కళ్ళు పోయి నాలుగేళ్ళు. అయినా చేపలు పట్టడం మానలేదు. భార్య సీతాబాయి చెయ్యి పట్టుకుని చెరువుకు తీసుకెళ్ళేది. ఆమె చనిపోయి ఏడాది; అప్పటి నుంచి మామ గడప దాటలేదు. అలాంటి మనిషి మొన్న సోమవారం తనంతట తానే నోరు తెరిచాడు.

"అల్లుడా, గా గాలం కర్ర జర మంచిగ చెయ్యి. ఐతారం కోహీర్ దిక్కు చెరువుకు పోదాం."

అఖిలేష్‌కు సంతోషం పట్టలేదు. గాలం కర్ర ముట్టుకోవడం అతనికి ఇదే మొదలు. ఫోన్లో వీడియోలు చూశాడు. పని మొదలుపెట్టే ముందు ఫొటో తీసిపెట్టుకోమని వాటిలో చెబితే తీశాడు. వెదురు మధ్యలో చీలింది, కొస విరిగింది. పట్టుకునేచోట జిడ్డోడుతున్న దారం, ఎక్కడ పడితే అక్కడ ముడులు. ఛీ, ఇదేం కట్టుడు అనుకుని బ్లేడుతో కోసేశాడు. గరుకు కాగితంతో రుద్దాడు, చీలికకు బంక పూసి బిగించాడు, కొత్త కొస అతికించాడు, మూడు పూతల వార్నిష్ కొట్టాడు. అబ్బ, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిందనుకోండి! కోసిన దారం చెత్తబండిలో పోయింది.

ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చున్న మామ చేతిలో కర్ర పెట్టి, శభాష్ అంటాడని నిలబడ్డాడు. మామ వేళ్ళు పైకి పోయాయి, కిందికి వచ్చాయి. మళ్ళీ పైకి పోయాయి. ముఖం పాలిపోయింది.

"ఇది నాది కాదు రా."

"నీదే మామా, ఒట్టు!"

"మరి ముడులేవి?"

అఖిలేష్ నసిగాడు. "తీసేసిన మామా. ఖరాబుగున్నయని."

"గవి మీ అత్త కట్టింది రా! కండ్లు ఇగ రావని దవాఖానల చెప్పిన దినమే కట్టింది. ఒక్క ముడి కాడ ఎడమ చెయ్యి, రెండు ముడుల కాడ కుడి చెయ్యి. మూడు ముడులు పైకుంటే కర్ర సక్కగున్నట్టు."

అఖిలేష్‌కు చటుక్కున ఫోన్ గుర్తొచ్చింది.

"ఫొటో ఉన్నది మామా! ఇగో చూడు, అన్ని కనవడ్తున్నయ్!" అంటూ ముఖం ముందు పెట్టేశాడు.

పెట్టాక గాని తానేమన్నాడో తెలియలేదు. చూపులేని మనిషిని పట్టుకుని చూడమన్నాడు! సిగ్గుతో చచ్చిపోయాడు.

మామ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కర్ర ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు చూసి చెప్పు. దారం తే, నేను కడ్త" అన్నాడు.

అఖిలేష్ ఫొటో పెద్దది చేసి, ఏ ముడి ఎక్కడుందో చెబుతూ మామ వేలిని అక్కడ ఆనించాడు. మామ ఒక్కొక్కటీ కట్టాడు. అన్నీ అయ్యాక కింది నుంచి పైదాకా నిదానంగా తడిమాడు.

"జాగలు సరిగనే ఉన్నయ్ అల్లుడా" అన్నాడు. "కాని ముడులు నావి. ఆమెవి కావు."

కర్రను గోడకు ఆనించాడు.

"ఇయ్యాల చెరువు వద్దు తియ్."