గొంగడి చీకటి

మధ్యాహ్నం అన్నం తిన్నాక బక్కమ్మ గొంగడి కప్పుకుని పడుకోవడం, ఆ వెంటనే గదిలో చీకటి పడటం సూర్యాపేటలో ఆ వాడకట్టుకు అలవాటే. నిద్రపోకుండా సతాయించే పిల్లల్ని తల్లులు తెచ్చి ఆమె పక్కన పడేసి తమ పనులు చూసుకునేవాళ్లు. గొంగడి ఆమె పెనిమిటి ఐలన్నది. గొర్ల మందకు కాపలాగా చేలల్లో ఆయన గడిపిన రాత్రులన్నీ ఆ ఉన్నికి పట్టేశాయి. ఆయన పోయాక బక్కమ్మకు ఆ చీకట్లో తప్ప కన్ను మూతపడేది కాదు.

ఆమె మనవరాలు గోపిక ఓ ప్రైవేటు బడిలో పదో తరగతికి సైన్సు చెప్పేది. ఆ ఏడు, అంటే 2011లో, బడికి పిల్లలు తగ్గారు. పక్క వీధి బడిలో గోడ మీద బొమ్మలు చూపించి పాఠాలు చెబుతున్నారట. దాంతో కరస్పాండెంటు పౌలు సారు హైదరాబాదు వెళ్లి, టిఫిన్ డబ్బా అంత ప్రొజెక్టరు ఒకటి తెచ్చాడు. ఉన్నవాటిలో చవకది. నచ్చకపోతే సోమవారం తిరిగిచ్చేయొచ్చు. ఆయనది కోదాడ, మాటలో ఆంధ్ర యాస కలిసేది.

"పనికొచ్చిద్దో లేదో నువ్వే చూసి చెప్పు గోపికా. శనివారం పేరెంట్స్ మీటింగు. బొమ్మ కనపడిందా, టెన్త్ నిలబడిద్ది. లేదా, జూన్ నుంచి ఆ క్లాసూ ఉండదు, నీకు పనీ ఉండదు," అన్నాడాయన.

గోపికకు అన్నం సయించలేదు. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

నిజానికి మిషన్‌కు పెద్దగా వంక పెట్టడానికి లేదు. సంచిలో పడుతుంది. కంప్యూటరుకు తగిలిస్తే చప్పున అందుకుంటుంది. ఫ్యాను మోత పాఠానికి అడ్డం రాదు. కింద ఆఫీసు గదిలో తలుపేసి చూస్తే సన్న అక్షరాలు కూడా చక్కగా కనిపించాయి, కానీ ఆ గదిలో నలుగురికి మించి పట్టరు. పదో తరగతి మేడ మీద రేకుల షెడ్డులో. గోడలు నడుము దాకానే, ఆపైన జాలీ. అక్కడ గుండె బొమ్మ వేస్తే ఎండలో గంజి మరకలా కనిపించింది. చుట్టూ దుప్పట్లు కట్టినా లాభం లేకపోయింది.

"టీచర్, అది గుండెనా, వంకాయనా?" అంది ముందు బెంచీ అఖిల. క్లాసంతా నవ్వింది. గోపికకు ఏడుపొచ్చింది.

శుక్రవారం ఒంటిపూట బడి వదిలాక నేరుగా ఇంటికొచ్చింది.

"అవ్వా, నీ గొంగడి రేపొక్కనాడు ఇస్తవా? మీటింగు అయినంక మల్ల తెస్త."

"తీస్కపో బిడ్డా. ముసల్దాన్ని, ఒక్కపూట మేల్కుంటె ఏమైతది?"

గొంగడి చేతికొచ్చాక ఇంకో బెంగ పట్టుకుంది. గొర్ల వాసన! వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే? గొంగడిని ఎండకేసి దులుపుతారే తప్ప మందల ఇళ్లలో ఎవరూ సబ్బు తగలనివ్వరు. అది గోపికకూ తెలుసు. అయినా పెరట్లో సబ్బు పొడి కలిపి ముంచింది, రెండు చేతులా గట్టిగా పిండింది. నల్లటి నీళ్లు మోరీలోకి పోయాయి. మిట్టమధ్యాహ్నం ఆ పక్కంతా మసకేసి, పక్కింటి కోళ్లు గంప కిందికి దూరాయి. గొంగడి బూడిదరంగుకు తిరిగింది. తీసుకెళ్లి గదిలో పరిస్తే వెలుతురు వెలుతురులాగే ఉంది.

"అవ్వా, ఖతం జేసిన," అంటూ కూలబడింది గోపిక.

బక్కమ్మ తిట్టలేదు. తడి ఉన్నిని ఒకసారి తడిమి, "ఆ వాసనతోనే నీ సదువు ఎల్లింది బిడ్డా," అని గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేదాకా ఇద్దరికీ నిద్ర లేదు.

శనివారం షెడ్డు నిండిపోయింది. పౌలు సారు ఊరికే చెమట తుడుచుకుంటున్నాడు. గోపిక స్విచ్చు వేసింది. గోడ మీద అదే మరక.

"గిదానికా మమ్ముల పిలిసింది?" అంటూ ఒకాయన లేచాడు. ఆయన వెనకే మరో ఇద్దరు లేచారు.

"కూసోండ్రి, జర కూసోండ్రి!" గోపిక కంగారుగా రెండు చేతులూ ఎత్తింది.

గొంగడి పిండిన చేతులు అవి. అవి లేచిన మేర చీకటి లేచి, జాలీలన్నీ కమ్మేసింది. గోడ మీద గుండె ఎర్రగా వెలిగింది, నాలుగు గదులతో, నీలం సిరలతో.

లేచినాయన కూర్చున్నాడు. "ఆఁ, ఇగ మంచిగ కనవడ్తుంది. చెప్పు టీచరమ్మా."

చేతులు దించితే ఎక్కడ వెలుతురొస్తుందోనన్న భయంతో గోపిక గడ్డంతోనే చూపిస్తూ పాఠం పూర్తి చేసింది. పిల్లల్ని ఇక్కడే ఉంచుతామని తల్లిదండ్రులు మాటిచ్చారు.

"మిషన్ కొంటన్నాం," అన్నాడు పౌలు సారు. "కాకపోతే గోపిక టీచర్ లేకపోతే అది దేనికీ పనికిరాదు. ఇంక ఆమెను ఎట్టా పంపిస్తాం?"

గోపిక టీ కోసం ఆగలేదు. ఇంటికొచ్చేసరికి బక్కమ్మ మంచం మీద ఎర్రబడ్డ కళ్లు తెరుచుకుని రేకుల కప్పు చూస్తోంది. గోపిక పక్కన కూర్చుంది. చీకటంతా షెడ్డులోనే అయిపోయిందేమో అనుకుంది. అయినా రెండు అరచేతులూ అవ్వ కళ్ల మీద పెట్టింది.

"గొర్ల వాసనొస్తున్నది బిడ్డా," అంది బక్కమ్మ.

"ఔ అవ్వా, నా చేతులే," అంది గోపిక.

అప్పటికే ముసలామె గురక పెడుతోంది.