ఎర్ర పొర వెనక నీలం దీపం

మీటరాయన షెడ్డు షట్టరు దించాడంటే లోపల రంగు చూస్తున్నాడని వీధంతటికీ తెలుసు. డ్యాష్‌బోర్డు దీపం నిజస్వరూపం చీకట్లోనే బయటపడుతుందని అతని వాదన. ముప్ఫై ఏళ్లుగా అదే పని. స్పీడు ముల్లు వెనకా పెట్రోలు ముల్లు వెనకా ఉండే పాత బల్బులు పీకి, కోరిన రంగు ఎల్‌ఈడీలు పెట్టడం. పచ్చ కావాలన్నవాడికి పచ్చ, ఊదా కావాలన్నవాడికి ఊదా. మూడు నెలలకే మొహం మొత్తి మళ్లీ వచ్చేవాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు. బల్ల మీద విప్పి పెట్టింది తమ్ముడి కారు మీటరు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది మరదలు.

తమ్ముడు పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజు కారు నడిపింది ఆమే. అడ్డదిడ్డంగా వచ్చిన వ్యాన్‌ను తప్పించబోయి గోడకు కొట్టింది. బెల్టు పెట్టుకున్న ఆమెకు మణికట్టు విరిగింది. పక్క సీట్లో బెల్టు పెట్టుకోకుండా కూర్చున్న అతను అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. కారు బాగైంది, మణికట్టూ అతుక్కుంది. ఆమె మాత్రం మళ్లీ బండి నడపలేదు. ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలకు నమూనాలు తీసుకునే ఉద్యోగం ఆమెది. ఇన్నాళ్లూ తోటివాళ్లు తమ బండ్లలో తిప్పారు. సోమవారం నుంచి సొంతంగా తిరగకపోతే కుదరదని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పేశారు.

"ఈ నీలం తీసేయండి బావగారూ," అంది. "ఎన్నిసార్లు ప్రయత్నించానో. తాళం తిప్పగానే ముందు అద్దంలో పక్క సీటు నీడ పడుతుంది. ఆ నీలం వెలుగులో అచ్చం ఆయన కూర్చున్నట్టే ఉంటుంది. తెలుపు పెట్టండి. తెలుపులో ఎవరూ కనబడరు."

"అద్దం మీద వెలుగు పడితే ఏవేవో కనిపిస్తాయమ్మా. భయపడకు," అన్నాడు. అన్నాడే గానీ ఆ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

ఒక్కొక్క నీలం దీపమూ తీస్తూ చివరి గూటి దగ్గరికి వచ్చాడు. వేళ్లు ఆగిపోయాయి. అది పక్క సీటు బెల్టు దీపం, అక్కడ కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే వెలిగేది.

ఈ పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. హెచ్చరిక గుర్తుల ముందు ఎర్ర పొర ఉంటుంది, దాని వెనక నీలం దీపం పెట్టకూడదు. పెడితే ఆ పొర వెలుగునంతా మింగేస్తుంది, దీపం వెలిగినా బయటికి చీకటే. ఆ తప్పు చేసినవాళ్లను మీటరాయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మూడేళ్ల క్రితం తమ్ముడు ఇదే స్టూలు మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే, ఆ ధ్యాసలో తనే ఆ తప్పు చేశాడు. అంతా బిగించాక గానీ చూసుకోలేదు.

"ఉండరా, మళ్లీ విప్పుతాను," అన్నాడు అప్పుడు.

"వదిలెయ్ అన్నయ్యా! పక్క సీట్లో కూర్చుంటే చాలు, బెల్టు పెట్టుకో, బెల్టు పెట్టుకో అంటూ నీ మరదలి కంటే ఎక్కువ సతాయిస్తోంది అది. దానికి నోరు మూయించావు, చాలు."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఆ పాత మోడల్‌కు మోగే గంట కూడా లేదు. విప్పాల్సింది ఆరు స్క్రూలు. అంతే పని.

"ఆ రోజు నేను చూశాను బావగారూ," అంది మరదలు, అతను ఏమీ అడక్కుండానే. "దీపం వెలగలేదు. వెలగలేదు కదా, పెట్టుకునే ఉంటారులే అనుకున్నాను. పక్కకి ఒక్కసారి చూసుంటే సరిపోయేదని అందరూ అంటున్నారు. నిజమే. దీపాన్ని నమ్మి మనిషిని చూడలేదు నేను."

చెప్పేయాల్సింది అప్పుడే. మీటరాయన తల వంచుకుని ఆ గూట్లో తెల్ల దీపం పెట్టి బిగించాడు.

మీటరు కారులో అమర్చి, షట్టరు దించాడు. ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీట్లో కూర్చోవడానికి అతనికి మనసొప్పలేదు. వెనక సీట్లోకి ఎక్కాడు.

"ఇంజను వద్దు, తాళం సగం తిప్పు చాలు."

తెల్లటి వెలుగు పరుచుకుంది. ఆమె ముందు అద్దంలోకి చూసి గట్టిగా ఊపిరి వదిలింది. అద్దంలో కనిపిస్తున్నది తామిద్దరే. మీటరాయన గుండె కాస్త కుదుటపడింది.

అప్పుడు మూలన ఎర్రటి గుర్తు వెలిగింది. కూర్చున్న మనిషి బొమ్మ, ఛాతీ మీద అడ్డంగా గీత. వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఇదేంటి బావగారూ? ముందు సీట్లో మీ సామాను ఏమన్నా పెట్టారా?"

"ఏమీ లేదు. సీటు కింద సెన్సరు పాడైనట్టుంది. ఉండు."

వంగి, సీటు కింద తడిమి, వైరు సాకెట్ ఊడదీశాడు. దీపం ఆరలేదు. లేవబోతూ ఆసరాకు ఆ సీటు మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. సీటు వెచ్చగా ఉంది. మనిషి కూర్చుంటే ఎంత దిగుతుందో అంత కిందికి దిగి ఉంది.

"ఇన్నాళ్లూ ఇది ఎందుకు వెలగలేదు?" అంది ఆమె, నెమ్మదిగా.

బల్బు మాడిపోయిందని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది, తొందరేమీ లేనట్టు.

"నేనే ఆర్పేశానమ్మా," అన్నాడు. మొత్తం చెప్పాడు. ఎర్ర పొర గురించి, నీలం దీపం గురించి, విప్పని ఆరు స్క్రూల గురించి. చెప్పేటప్పుడు వెక్కిళ్లు వచ్చాయి. ఆమె ఏడవలేదు.

"ఆయనకు తెలుసా?"

"తెలుసు. వాడే వదిలెయ్యమన్నాడు."

"మీకు తెలుసు. ఆయనకు తెలుసు. నాకొక్కదానికే తెలియదు," అంది. "ఎనిమిది నెలలుగా నా చేత్తో నేనే చంపుకున్నాననుకుంటున్నాను."

ఆమె పక్కకు వంగి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి బిగించింది. టక్కుమంది. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఖాళీ సీటు బెల్టు వెనక్కి లాక్కుని సీటుకు అతుక్కుపోవాలి. ఇది జానెడు ముందే ఆగింది. ఏ ఆధారమూ లేకుండా గాలిలో బిగుతుగా నిలబడింది. ఊపిరి తీస్తున్నట్టు కాస్త పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ లేచింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. భయపడుతుందేమోనని మీటరాయన భయపడ్డాడు. ఆమె మొహంలో కనిపించింది భయం కాదు, కోపం.

"దిగండి బావగారూ. షట్టరు ఎత్తండి."

"ఒక్కదానివే ఎలా వెళ్తావమ్మా?"

"ఒక్కదాన్నే కాదుగా," అంది. "ముందు ఆయన్ని అడగాల్సింది ఉంది. మీ సంగతి తర్వాత."

దిగి షట్టరు ఎత్తాడు. ఎనిమిది నెలల తర్వాత ఆమె కారు నడుపుకుంటూ పట్టపగటి వెలుగులోకి వెళ్లింది. అతను వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మలుపు దగ్గర కారు నెమ్మదించింది. వెనక అద్దంలోంచి ఆమె కనిపిస్తోంది. పక్కకు తిరిగి ఏదో గట్టిగా అడుగుతోంది. మధ్యమధ్యలో ఆగుతోంది, అవతలి మనిషి జవాబు చెప్పేంత సేపు.