తండ్రి రక్తం

ముప్పై ఏళ్లు తేనెటీగల మధ్య బతికిన ఓస్తాప్ ఒక్క ఈగ కుట్టి పోయాడు. మొన్న జూన్‌లో మెడ మీద కుడితే, డౌఫిన్ పట్నం నుంచి అంబులెన్సు వచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది. అప్పటి నుంచి అతని భార్య తెక్లాకు ఒకటే దిగులు. కూతురు దార్కాది తండ్రి రక్తమే కదా, ఈగ విషం పడని ఆ పాడు గుణమూ దిగే ఉంటుందని.

దార్కా తేనెపెట్టెలు అమ్మనంటుంది. తల్లీకూతుళ్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

"ముక్కు ఆయనదే, మొండితనం ఆయనదే. ఇదొక్కటీ రాకుండా పోతుందటే?"

"పరీక్ష చేయించు. ఉంటే అమ్మేద్దాం. లేకపోతే నా జోలికి రాకు."

విన్నిపెగ్‌లో డాక్టరమ్మ దార్కా చేతి మీద ఈగ విషం అద్దిన సూదితో గీరి చూసింది. అరగంటైనా చిన్న దద్దురు కూడా లేవలేదు.

"ఇది ముక్కూ మొహంలా దిగేది కాదమ్మా. కొన్ని కుటుంబాల్లో కాస్త ఎక్కువ కనబడొచ్చు గానీ, మొదలయ్యేది మాత్రం కుట్టించుకున్నాకే. ఇంతకీ ఆయన బట్టలు ఎవరు ఉతికేవాళ్లు?"

"నేనే," అంది తెక్లా.

రోజూ సాయంత్రం దులిపేది తనే. చేతితొడుగుల్లో విరిగిన ముళ్లు గోళ్లతో పీకేది తనే. మడతల్లో కొన ఊపిరితో ఉన్న ఈగలు కుడుతూనే ఉండేవి. భార్యకు కుడితే ఎవరు పట్టించుకుంటారు? ఆమే పట్టించుకోలేదు.

"ఈమధ్య గొంతు బిగుసుకుంటోందా?"

తెక్లా తల ఊపింది. ఓస్తాప్ చివరిరోజు వేసుకున్న తెల్లకోటు ఆమె ఇంకా ఉతకలేదు. పొద్దున్నే దాంట్లో మొహం దాచుకుని ఏడ్చేది. గొంతు పూడుకుపోతుంటే దుఃఖమే అనుకుంది, కోటుకు అంటిన విషమని తోచలేదు.

డాక్టరమ్మ ఆమె చేతి మీదా గీరింది. గీరిన చోట రూపాయంత దద్దురు లేచింది.

తిరుగుదారిలో కారులో దార్కా అంది, "పెట్టెలు అమ్మేద్దాంలే, అమ్మా."

"నోర్ముయ్. డాక్టరమ్మ నాకు ఇంజెక్షన్లు రాసింది, చేయించుకుంటాను. పెట్టెల దగ్గరికి నేను రాను. నీ బట్టలు నువ్వే కొట్టంలో ఉతుక్కో." తెక్లా కిటికీ వైపు తిరిగింది. "ముందు మీ నాన్న కోటు ఉతుకు. నేను ఇంట్లో లేనప్పుడు."